నెమ్మదిగా ఎక్కే ఛార్జింగ్

మిస్సౌలా,
జూన్ మొదటి వారం

కొరీన్,

నువ్వు ట్రక్కు తీసుకుని కొండకి వెళ్లిన మర్నాడు పొద్దున గానీ మనిద్దరికీ కలిపి ఉన్నది ఒక్కటే బండి అన్న సంగతి నాకు తట్టలేదు. వృద్ధాశ్రమం చూస్తే ఊరికి దక్షిణాన గుట్ట మీద. తెల్లవారేసరికి నేను పొయ్యి వెలిగించకపోతే ముసలివాళ్లకు ఓట్స్ జావ ఉండదు. ఆ వేళకి సిటీ బస్సు డ్రైవరు ఇంకా దుప్పటి కిందే ఉంటాడు. కొన్నాళ్లు నడిచాను. తర్వాత మోకాళ్లు మొరాయించాయి.

అందుకని ఒక ఎలక్ట్రిక్ సైకిల్ కొన్నాను. నవ్వకు. దుకాణంలో అద్దాల వెనక మెరిసే రకం కాదు, అట్టపెట్టెలో వచ్చి గుమ్మంలో ధబ్బున పడే చవక రకం. దాని పేరు పలకడానికి నాకింకా నోరు తిరగడం లేదు. ఆదివారమంతా వంటగది నేల మీద కూర్చుని బిగించాను. దాంతో వచ్చిన చిన్న పుస్తకంలో ‘ముందు చక్రమును ప్రేమగా బిగించవలెను’ అని ఉంది. ప్రేమగానే బిగించాను. అయినా బ్రేకు నొక్కితే వీధి వీధంతా తిరిగి చూసేలా కీచుమంటోంది.

చదును రోడ్డు మీద మాత్రం హాయిగా పోతుంది. ఎవరో వెనక నుంచి వీపు మీద చెయ్యి వేసి నెట్టుతున్నట్టు ఉంటుంది. గుట్ట మొదలయ్యాక ఆ చెయ్యి అలిసిపోతుంది. ఇక సగం నేను, సగం అది. ఐడా పావ్లిచ్ తెలుసుగా, తొంభై దాటిన ఆవిడ, ఒకప్పుడు పశువుల కొట్టాలు ఏలిన మనిషి. ఇప్పుడు పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని నా రాక కోసం చూస్తోంది. మొదటిరోజు నేను రొప్పుతూ లోపలికి రాగానే, “అబ్బాయ్, నువ్వు దాన్ని తొక్కుతున్నావా, అది నిన్ను తొక్కుతోందా? ఆ మోటారు చప్పుడు విని ఎక్కడో ఆవు ఈనుతోందనుకున్నాను” అంది. భోజనాల గదంతా గొల్లున నవ్వింది.

ఒక్కడికి వండుకోవడం ఇంకా చేతకావడం లేదు. అరవైమందికి వండే చేతులు కదా, ఇంటికొచ్చి కూడా పెద్ద గిన్నే తీస్తాయి.

మన దగ్గర పెరుగుతున్న ఆ పిల్ల జనవరిలో తన సొంత అమ్మమ్మ దగ్గరకి వెళ్లిపోయినప్పటి నుంచి మన ఇంట్లో ఆ పేరు వినపడలేదు. ఈ ఉత్తరాల్లో కూడా రాయనని నీకు మాటిచ్చాను. మాట మీద ఉంటాను.

నీ ఓరెన్

లోన్ మేర్ కొండ, కాపలా మంచె,
జూన్ చివర

ఓరెన్,

కంచరగాడిదల మీద సరుకులు తెచ్చే లైల్ ఈ రోజు వచ్చాడు. బంగాళాదుంపలు, కిరోసిను, నీ ఉత్తరం. రెండు వారాలకోసారి వస్తాడట, దారి బాగుంటే. ఇక్కడ ఫోను పనిచేయదు. రేడియో ఉంది కానీ అది పొగ గురించి చెప్పడానికే, మన గురించి చెప్పడానికి కాదు.

మంచె అంటే నిజంగా మంచే. నాలుగు కొయ్య కాళ్ల మీద ఒక గది, నాలుగు పక్కలా అద్దాలు. మధ్యలో దిక్కులు చూసే యంత్రం, పక్కన మంచం, పొయ్యి. అడవిలో ఎక్కడైనా పొగ లేస్తోందేమోనని పావుగంటకోసారి చుట్టూ తిరిగి చూడాలి. చూడటం తప్ప ఇక్కడ ఎవరికీ నాతో పని లేదు. అదే నాకు కావలసింది కూడా.

సైకిల్ సంగతులు రాయి. నవ్వాను. ఇక్కడికి వచ్చాక అది మొదటి నవ్వు, రెండు ఉడతలు విన్నాయి. ఇంటి సంగతులు మాత్రం వద్దు. ఆ గది తలుపు మూసే ఉంచు. సర్దకు, ఊడ్వకు. కొన్నాళ్లు అలాగే ఉండనీ.

తనని మనమే పెంచుకుందామని దత్తత కాగితాలు కూడా పెట్టుకున్నామని నువ్వు ఎవరికీ చెప్పకు. జాలిపడతారు. జాలి నాకు పడదు.

ఉన్ని మేజోళ్లు పంపు.

కొరీన్

మిస్సౌలా,
జూలై

కొరీన్,

మేజోళ్లు పంపాను. వాటిలో చుట్టి పెట్టినవి ఐడా కోయించిన చెర్రీలు, లైల్ దారిలో తినకపోతే.

నా బండికి ఈ వారం కష్టకాలం. వెనక చక్రం పంక్చరైంది. మామూలు సైకిలైతే పావుగంట పని. దీనికి మోటారు వెనక చక్రం నడిబొడ్డులోనే ఉంది. వైరు కట్టిన పట్టీలు కత్తిరించాలి, పెద్ద నట్లు విప్పాలి, ఏ రేకు ఏ పక్కన ఉందో గుర్తు పెట్టుకోవాలి. ఎందుకొచ్చిన గొడవ అని నది దగ్గరి సైకిల్ షాపుకి నెట్టుకెళ్లాను. అక్కడి కుర్రాడు దాన్ని చూసి రెండు అడుగులు వెనక్కి వేశాడు.

“ఈ రకం మేం ముట్టుకోం సార్.”

“పంక్చరేనయ్యా.”

“పంక్చరే సార్. కానీ విప్పితే మళ్లీ అలాగే బిగుస్తుందని మాకు నమ్మకం లేదు.”

మళ్లీ నెట్టుకుంటూ ఇంటికొచ్చాను. ఇది బరువు, కొరీన్. దూడని మోసినట్టే ఉంటుంది. వరండాలో తలకిందులుగా నిలబెట్టి సాయంత్రమంతా కుస్తీ పట్టాను. నాకే ఆశ్చర్యం, తిరిగింది. ఒక నట్టు మాత్రం మిగిలింది. అదెక్కడిదో దేవుడికి తెలియాలి.

అలవాటైపోయింది దీంతో. వాన పడితే హ్యాండిల్ మీది చిన్న తెరకి బ్రెడ్డు సంచి తొడుగుతాను. రాగానే బ్యాటరీ ఊడదీసి వంటగది గట్టు మీద, పొయ్యికి దూరంగా, నేను మేలుకుని ఉన్నప్పుడే ఛార్జింగ్ పెడతాను. ఒకసారి ఛార్జింగ్ పెడితే నలభై అయిదు మైళ్లు అని పెట్టె మీద రాశారు. అది ఎవరో చిన్నపిల్లాడిని ఎక్కించి, వెనక గాలి తోస్తుంటే కొలిచి ఉంటారు. నాకు పాతిక మైళ్లకే దమ్ము అయిపోతోంది. మోటారు జోరు తగ్గించి, మూడో మీట మీద కాకుండా మొదటి మీట మీద పోతే ఇంకొంచెం వస్తుందేమో. ఆదివారాలు నది పక్క బాట మీద దక్షిణంగా పోయి చూస్తున్నాను. ఫ్లారెన్స్ ఊరి దాకా వెళ్లి రావడం కూడా కష్టమే.

సాయంత్రాలు పొడుగ్గా ఉన్నాయి. నువ్వు కూర్చునే కుర్చీలో కూర్చోను. ఎందుకో కూర్చోను.

నీ ఓరెన్

లోన్ మేర్,
జూలై చివర

ఓరెన్,

చెర్రీలు లైల్ తిన్నాడు. గింజలు మాత్రం నిజాయితీగా తెచ్చిచ్చాడు.

మొన్న మధ్యాహ్నం పిడుగుల వాన. కాళ్లకి గాజు బుడ్లు తొడిగిన పీట ఒకటి ఉంటుంది ఇక్కడ. పిడుగులు పడుతుంటే దాని మీద కాళ్లు ముడుచుకుని కూర్చోవాలి. గది నాలుగు మూలలా నీలం వెలుగు పాకింది. భయపడలేదు అని రాద్దామనుకున్నాను. భయపడ్డాను. నీ చెయ్యి కోసం పక్కకి చెయ్యి చాపాను కూడా. చాపాక తెలిసింది, పక్కన ఎవరూ లేరని.

సరే, ఒకటి అడుగుతాను. ఇంటికీ ఆశ్రమానికీ మధ్య నాలుగు మైళ్లు. ఆ నాలుగు మైళ్లకి పాతిక చాలదా? నలభై అయిదు ఎందుకు కావాలి నీకు? దక్షిణంగా ఎవరున్నారు? ఎవరినైనా ప్రేమించావా ఏంటి? ప్రేమిస్తే బండి ఉన్న దాన్ని ప్రేమించు, నీకు తొక్కే బాధ తప్పుతుంది.

ఇంకో సంగతి. సీజను అయ్యాక ఐడహో వైపు చలికాలమంతా మంచు కొలిచే పని ఉందట, వస్తావా అని అటవీశాఖ ఆఫీసు వాళ్లు రేడియోలో అడిగారు. ఆలోచిస్తానన్నాను. నీకు ముందే చెప్పాలి కదా, అందుకని చెబుతున్నాను. ఆ ఇంటికి తిరిగి రావడం ఎలాగో నాకింకా తెలియడం లేదు ఓరెన్. నీ దగ్గరికి రావాలనే ఉంది. ఆ ఇంటికే రాలేను.

కొరీన్

మిస్సౌలా,
ఆగస్టు

కొరీన్,

చలికాలం సంగతి చదివాక రెండు రోజులు ఏం తిన్నానో నాకు గుర్తు లేదు. ఇక దాచి లాభం లేదు. ఇచ్చిన మాట తప్పుతున్నాను. కూర్చుని చదువు.

నువ్వు వెళ్లిన కొద్ది రోజులకే హామిల్టన్ నుంచి డార్లీన్ గారు ఫోన్ చేశారు. ఓపల్ వాళ్ల అమ్మమ్మ. పిల్ల సరిగ్గా నిద్రపోవడం లేదట. ‘ఆదివారం ఒకసారి మీ గొంతు వినిపిస్తే కుదుటపడుతుందేమో’ అని ఆవిడే అడిగారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం మాట్లాడుతున్నాను. పోయిన నెల ఆవిడ, ‘ఒకసారి వచ్చి చూసి పో’ అన్నారు.

ఎవరి కారైనా అడగవచ్చు. అడిగితే ‘ఎక్కడికి?’ అంటారు. చెప్పాలి. నీకు చెప్పకుండా ఊరికంతా చెప్పడం నాకు చేతకాలేదు. హామిల్టన్ అంత దూరం కదా, అందుకే ఆ పాతిక మైళ్ల, నలభై అయిదు మైళ్ల లెక్కలు.

శనివారం పొద్దున బయల్దేరాను. ఫ్లారెన్స్ దాటేదాకా బాగానే ఉంది. తర్వాత తెర మీద గీతలు ఒక్కొక్కటే ఆరిపోయి, మోటారు ఒక్కసారి తుమ్మి ఊరుకుంది. ఎదురుగాలి. ఆ బరువుతో తొక్కడమంటే పియానోకి పెడళ్లు బిగించి తొక్కినట్టే. విక్టర్ అనే ఊరి దాకా తొక్కుతూ, దిగి నెట్టుతూ చేరాను. అక్కడ బట్టలుతికే దుకాణంలో ఒకావిడ నా మొహం చూసి, “ఉతకాల్సింది బట్టల్నా, నిన్నా?” అంది. ప్లగ్గు అడిగితే ఇచ్చింది. మధ్యాహ్నం దాకా ఎవరివో దుప్పట్లు తిరగడం చూస్తూ కూర్చున్నాను.

హామిల్టన్‌లో బడి వెనక వీధి. డార్లీన్ గారు గుమ్మంలోనే నిలబడ్డారు. సన్నటి మనిషి, నాలుగు మాటలకోసారి ఊపిరి కోసం ఆగుతారు.

“ఒక్క గంట. అంతే. మళ్లీ దాన్ని ఏడిపించి పోతే నేను పడలేను.”

“అలాగేనండీ. ఈ బ్యాటరీ కాస్త పెట్టుకోనిస్తారా? లేకపోతే వెనక్కి పోలేను.”

“ఎంతసేపు పడుతుంది?”

“అయిదు గంటలు.”

“అయిదా! నా ఫోను గంటలో ఎక్కుతుంది.”

“ఇది చవకదండీ.”

ఆవిడ నన్ను కాసేపు తేరిపార చూశారు. “నాటకాలాడుతున్నావా?”

“లేదండీ. ఛార్జరు మీద లైటు చూడండి, ఎర్రగా ఉంది. ఆకుపచ్చగా మారగానే పోతాను.”

అప్పుడు ఆవిడ వెనక నుంచి ఓపల్ వచ్చింది. పొడుగైంది. ముందు పన్ను ఒకటి ఊడింది. నన్ను చూసి నవ్వలేదు, ఏడవలేదు. 

“నీ గడ్డం ఏది?”

“తీసేశాను.”

“మళ్లీ పెట్టుకో.” తర్వాత సైకిల్ చుట్టూ తిరిగి, “ఇది మోటార్‌సైకిలా?” అంది.

“సగం.”

“ఏ సగం?”

వెనక సగం అన్నాను. తల ఊపింది. పోయి ఛార్జరు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆ తర్వాత మేం బొమ్మలు వేస్తున్నా, మాకరోనీ తింటున్నా, మధ్యమధ్య పరిగెత్తుకెళ్లి చూసొచ్చేది. “ఎర్రగానే ఉంది!” అని అరిచేది. గంట అయింది. రెండయ్యాయి. డార్లీన్ గారు గోడ మీది గడియారం చూడటం మానేశారు. ఇన్నాళ్లూ ఆ ముష్టి ఛార్జర్‌ని ఎంత తిట్టుకున్నానో, ఆ రోజు దానికి అంత మొక్కుకున్నాను.

లైటు మారేసరికి పొద్దు గుంకింది. “ఇప్పుడెక్కడికి పోతావు, ఆ సోఫా మీద పడుకో” అన్నారావిడ.

ఓపల్ నిన్ను అడిగింది. కొండ మీద మంటలకి కాపలా ఉందన్నాను. 

“తోడు ఎవరున్నారు?”

“ఎవరూ లేరు.”

“అయితే కొరీన్‌కి భయమేస్తే ఎవర్ని పిలుస్తుంది?”

కొరీన్‌నే అడిగి చెబుతానన్నాను. జవాబు నీ దగ్గరుంటే రాయి.

నీ ఓరెన్

లోన్ మేర్,
ఆగస్టు

ఓరెన్,

ఉత్తరం అందింది. వేసవంతా నాకు బ్రేకులూ, నట్లూ, పంక్చర్లూ చెప్పి నవ్విస్తూ, వెనక జరిగింది ఇదా? నేను నీకు ఏమవుతాను, చివరగా కబురందే మనిషినా?

ఇంతకంటే రాయలేను. దక్షిణపు లోయలో పిడుగు పడిన చోట పొగ లేస్తోంది. పని ఉంది.

కొరీన్

ఊడింది పై పన్నా, కింద పన్నా?

మిస్సౌలా,
సెప్టెంబరు మొదట్లో

కొరీన్,

పై పన్ను. ఎడమ వైపు.

ఇది నీకు ఎప్పుడు చేరుతుందో తెలియదు. దారి మూసేశారని ఆఫీసులో చెప్పారు. నువ్వు రేడియోలో మొదట చెప్పిన ఆ పొగే పెద్దదైంది. గాలి తిరిగి హామిల్టన్‌కి పడమటి వీధులన్నీ ఖాళీ చేయమన్నారు. డార్లీన్ గారు ఫోన్ చేసినప్పుడు ఆయాసంతో మాట రావడం లేదు. “నాకు ఈ చుట్టుపక్కల తెలిసిన ఇల్లు... నీదొక్కటే” అన్నారు. రండి అన్నాను. తమ పాత కారులో వచ్చారు, బూడిద కప్పుకుని.

ఆ గది తలుపు నేను తెరవలేదు. నీకు మాటిచ్చాను. డార్లీన్ గారిని మన మంచం మీద పడుకోమని, పిల్లకి సోఫా మీద పక్క వేద్దామని లోపలికి పోయి దుప్పటి తెచ్చేలోగా ఓపల్ తనే తలుపు తీసుకుని వెళ్లిపోయింది. ఎవరి గదిలోకి వాళ్లు వెళ్లినట్టు. మంచం కింద ఏదో వెతికింది, దొరికింది, పడుకుంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

పొద్దున్నే డార్లీన్ గారిని విశ్రాంతిగా వదిలి పిల్లని నాతో పనికి తీసుకెళ్తున్నాను. పాత సామాన్ల షాపులో పిల్లల సీటు దొరికింది, వెనక బిగించాను. గట్టిగానే ఉంది, ముందు బియ్యం బస్తా కట్టి చూశాను. గుట్ట ఎక్కేటప్పుడు మోటారు ఆపసోపాలు పడుతుంటే వెనక నుంచి నా వీపు మీద చరుస్తుంది. “ఇంకొంచెం! ఇంకొంచెం!” నన్నో, దాన్నో తెలియదు. ఐడా కిటికీ తెరిచి, “ఈ అబ్బాయికి ఇప్పటికి సరైన మోటారు దొరికింది” అంటోంది. ఓపల్ వాళ్ల బల్లల మీద చెంచాలు పెడుతుంది, అన్నీ ఎడమవైపే. ఎవరూ సరిదిద్దడం లేదు.

ఆఫీసుకి ఫోన్ చేసి నీకొక కబురు పంపమన్నాను. చెప్పారో లేదో.

నువ్వు అక్కడ క్షేమమేనా? ఆకాశం ఎటు చూసినా ఇటుక రంగే. నీ కొండ ఎటు ఉందో కూడా కనపడదు. ఆ వైపు చూస్తూ అంట్లు తోముకుంటున్నాను.

నీ ఓరెన్

లోన్ మేర్,
సెప్టెంబరు

నా ఓరెన్‌కి,

చెప్పారు. మధ్యాహ్నం రేడియోలో అందరం హాజరు చెప్పే వేళ, లైను మీద చుట్టుపక్కల మంచెలన్నీ వింటుండగా, ఆఫీసులో రేడియో అమ్మాయి కాగితం చదివినట్టు చదివింది. “లోన్ మేర్, మీ ఆయన నుంచి కబురు. ఓపల్ మన ఇంట్లో ఉంది. మళ్లీ చెబుతున్నాను, ఓపల్ మన ఇంట్లో ఉంది. అర్థమైందా?”

ఏడెనిమిది నెలలుగా నేను ఎవరి నోటా విననివ్వని పేరు. రెండుసార్లు. అర్థమైంది అని చెప్పాలి, అది నిబంధన. చేతిలోని మైకు బల్ల మీద పెట్టేశాను. “లోన్ మేర్, అర్థమైందా?” అని మళ్లీ అడిగింది. అర్థమైంది అన్నాను. ఆ తర్వాత నేల మీద కూర్చుండిపోయాను.

ఇప్పుడు నావంతు. నువ్వు దాచావని కోప్పడ్డాను. నేనూ దాచాను.

వసంతంలో ఆఫీసు వాళ్లు నాకు వేరే మంచె ఇస్తామన్నారు. ఇంతకంటే మంచిది, రోడ్డు పక్కనే. లోన్ మేరే కావాలని నేనే పట్టుబట్టాను. ఇక్కడ తూర్పు కిటికీ లోంచి చూస్తే, కొండలు రెండు విడిపోయిన సందులో, లోయ అడుగున హామిల్టన్ కనిపిస్తుంది. పెద్ద దుర్భిణిలోంచి చూస్తే నీళ్ల ట్యాంకు, దాని పక్కన బడి రేకుల కప్పు. మధ్యాహ్నం ఎండ పడితే ఆ కప్పు తళుక్కుమంటుంది. పిల్ల కనిపించదు, అంత పిచ్చి లేదు నాకు. ఊరు కనిపిస్తే చాలనుకున్నాను. నేను తనకి దూరంగా పారిపోయానని నువ్వు అనుకున్నావు. అనుకోనిచ్చాను. నిజం చెబితే ‘రా, ఇద్దరం వెళ్లి చూద్దాం’ అంటావని భయం. వెళ్లి చూసి మళ్లీ వదిలి రావడం ఎలాగో నాకు తెలియదు. నీకు తెలిసింది. అయిదు గంటలు కూర్చుని, చూసి, తిరిగి తొక్కుకుంటూ వచ్చావు. అది నీకు ఎలా చేతనైందో వచ్చాక నాకు చెప్పాలి.

ఇప్పుడు నా గతి చూడు. పొగ కాస్త విడినప్పుడల్లా తూర్పు కిటికీ దగ్గర నిలబడి ఆ ఊరికి ఏమవుతుందోనని గుడ్లప్పగించి చూస్తున్నాను. గాలి ఎటు తిరిగిందో, మంట ఏ గట్టు దిగిందో ఘడియ ఘడియకీ కిందికి చెబుతున్నాను. నాకది ఖాళీ ఊరు ఓరెన్. ఆ ఊళ్లో నాకు కావలసింది ఒక్కతే, అది నా ఇంట్లో నిద్రపోతోంది. నేనిక్కడి నుంచి కదలకూడదు. కదిలితే కింద మంట దగ్గర పనిచేసేవాళ్లకి కళ్లు ఉండవు. లైల్ మంటకి దూరంగా ఉత్తరపు దారిన తంటాలు పడి వచ్చాడు, నీ ఉత్తరం తెచ్చాడు. గుర్రం ఇస్తాను దిగిపో అన్నాడు. ఇంకో మనిషి వచ్చేదాకా ఉంటానన్నాను. అన్నాక రోజంతా వాడి మీద, నా మీద, కంచరగాడిదల మీద కూడా మండిపడ్డాను.

ఓపల్ అడిగిన దానికి జవాబు: భయమేస్తే నేను మీ ఇద్దర్నీ పిలుస్తాను. పైకి కాదు. అయినా పిలుస్తాను.

ఆ సీటు బెల్టు రోజూ చూసుకో. గుట్ట దిగేటప్పుడు మెల్లగా.

కొరీన్

మిస్సౌలా,
సెప్టెంబరు చివర

కొరీన్,

వాన వచ్చింది. నీకు ముందే తెలిసి ఉంటుంది, నీ నెత్తి మీద నుంచే వచ్చింది కదా. మంట చల్లారింది. హామిల్టన్ వాళ్లని ఇళ్లకి వెళ్లమన్నారు. వాళ్ల ఇల్లు నిలిచింది.

నిన్న మధ్యాహ్నం వెళ్లిపోయారు. నిన్ను ఇక్కడే చూడాలని డార్లీన్ గారు ఇంకొన్నాళ్లు ఆగుదామనుకున్నారు. బడి మొదలైందని కబురొచ్చింది. నేను ఆపలేదు. ఆపే హక్కు మనకి లేదు.

జనవరిలోలా కాలేదు ఈసారి. ఓపల్ కారు ఎక్కి, అద్దం దించి, “గడ్డం మర్చిపోకు” అంది. అంతే. మూల తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. తర్వాత నేను ఆ గదిలోకి వెళ్లాను. దుప్పటి మడత పెట్టలేదు. నువ్వు వద్దన్నావని కాదు, నాకే చేతులు రాలేదు.

ఈ రోజు పనికి వెళ్తుంటే బండి మరీ తేలిగ్గా ఉంది. గుట్ట ఎప్పుడు ఎక్కానో తెలియలేదు. ఐడా మాత్రం కిటికీ దగ్గరే ఉంది. బండి వెనక ఖాళీ సీటు చూసి, మళ్లీ నన్ను చూసి, నేను లోపలికి రాగానే తన టీ కప్పు కాస్త నా వైపు జరిపింది.

మన మంచం మీద నేను ఒక పక్కనే పడుకుంటున్నాను. రెండో పక్క చల్లగా ఉంది. చలికాలం పని ఒప్పుకున్నావో లేదో నేను అడగను. అడగనని రాస్తున్నానంటే అడుగుతున్నట్టే, నాకూ తెలుసు.

నీ ఓరెన్

హామిల్టన్,
అక్టోబరు

నా ఓరెన్‌కి,

పైన ఊరి పేరు సరిగ్గానే చదివావు. ఫోను చేతిలోనే ఉంది, ఇక్కడ పనిచేస్తుంది కూడా. కానీ నోటితో చెబితే ఏడుస్తాను, నువ్వు కంగారుపడి ఆ సైకిలెక్కి బయల్దేరతావు. అందుకని ట్రక్కులో కూర్చుని మోకాలి మీద రాస్తున్నాను.

మంచు మొదలైంది. మంచె కిటికీలకి చెక్కలు బిగించి, పొయ్యి ఆర్పి దిగాను. మంచు కొలిచే పని వద్దని చెప్పేశాను. ఆఫీసులో ఆ రేడియో అమ్మాయి కారణం అడిగితే, ఇంటి దగ్గర ఒకాయన పెద్ద గిన్నెలో వండి పారేస్తున్నాడని చెప్పాను.

రోడ్డు చీలిన చోట ట్రక్కు ఆపి చాలాసేపు కూర్చున్నాను. ఎడమకి తిరిగితే ఇల్లు, నువ్వు. కుడికి తిరిగాను. క్షమిస్తావని తెలుసు.

డార్లీన్ గారు తలుపు తీసి నన్ను కిందికీ పైకీ చూశారు. “నువ్వేనా మంటల మనిషివి? నీ గురించి వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. లోపలికి రా. ముందు ఆ బూట్లు విడువు.”

కాఫీ ఇచ్చారు. మంచు గురించి, రోడ్డు గురించి మాట్లాడుకున్నాం. చివరికి ఆవిడే అన్నారు: “చూడమ్మా, అది నా కూతురి బిడ్డ. నా దగ్గరే ఉంటుంది. అది తేలిపోయిన సంగతి.”

“తెలుసండీ.”

“కానీ నాకు ఊపిరి చాలడం లేదు. దానికి నేనొక్కత్తినే చాలను. ఆ సంగతి ఆ మంటలప్పుడు మీ ఇంట్లో పడుకుని ఆలోచించాను.” కప్పు కింద పెట్టి ఊపిరి తీసుకున్నారు. “వారం వారం వస్తానంటే రా. ఒకసారి వచ్చి మానేసేటట్టయితే ఇప్పుడే వెళ్లిపో. పిల్ల బడి నుంచి వచ్చేలోగా.”

వెళ్లలేదు. ఇద్దరం నడిచి బడికి వెళ్లాం. ఆ రేకుల కప్పు కింద నిలబడ్డాను. దగ్గర నుంచి చూస్తే తుప్పు పట్టి ఉంది.

పిల్లలంతా బిలబిల వచ్చారు. ఓపల్ నన్ను చూసింది. చూసి, ఆగకుండా నా పక్కనుంచి నడిచి, సంచి అమ్మమ్మకిచ్చి ముందుకి వెళ్లిపోయింది. నేను అక్కడే ఆగిపోయాను. డార్లీన్ గారు నా మోచేయి పట్టుకుని, “నడు. ఊరికే నడు” అన్నారు. వెనక నడిచాం. తన జడ ఎవరు వేస్తున్నారో వంకరగా వేస్తున్నారు. ఎనిమిది తొమ్మిది నెలల కోపం ఆ చిన్న వీపు మీద కనిపిస్తోంది. న్యాయమైన కోపమే. కొండ మీద పడుకుని దాన్నే కదా నేను తప్పించుకు తిరిగింది.

వీధి మూల దగ్గర ఒక పక్కింటి పిల్ల కలిసింది. నన్ను వేలెత్తి చూపించి, “ఎవరే ఆవిడ? మీ అమ్మా?” అని అడిగింది.

ఓపల్ ఆగింది. వెనక్కి తిరగలేదు. లెక్క చేస్తున్నట్టు తల పక్కకి వాల్చింది, నీకు తెలుసుగా ఎలా వాలుస్తుందో.

“కాదు. మా అమ్మ వేరే. ఆవిడ కొరీన్.” ఇంకొక క్షణం ఆలోచించింది. “నా కొరీన్.”

అలా అని, అటే చూస్తూ, చెయ్యి ఒకటి వెనక్కి చాపి వేళ్లు తెరిచి పట్టుకుంది.

రేపు పొద్దున ఇంటికొస్తున్నాను ఓరెన్. ఈ ఉత్తరం కంటే నేనే ముందు చేరతానేమో. అయినా రాయాలనిపించింది. వాళ్ల ఇంటి గుమ్మం దాకా ఆ చెయ్యి నా చేతిలోనే ఉంది. చెమటగా, రంగు పెన్సిళ్ల వాసనతో. మరీ గట్టిగా పట్టుకోకూడదని నాకు నేనే చెప్పుకుంటూ నడిచాను.

నీ కొరీన్